మంటలో తొవ్వ వదిలే మనిషి

అలియాబాద్ వైపు యాసంగి వరి కోతలు అయిపోగానే మా చిన్నాయినకు పిలుపులు మొదలయ్యేవి. శుభకార్యానికి పిలిచినట్టు ఇంటిదాకా వచ్చి, గడప ముందు నిలబడి పిలిచేవాళ్లు. పని మాత్రం పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు అగ్గి పెట్టడం. అగ్గిపుల్ల గీయడానికి ఒక మనిషిని పిలవాలా అని చిన్నప్పుడు నేను అడిగితే చిన్నమ్మ నవ్వేది. "మీ చిన్నాయినది సల్లటి చెయ్యి బిడ్డా. ఆయన పెడితె మంట సెప్పినట్టు ఇంటది" అనేది. ఆ చల్లటి చేతిని తన వంటింటి పొయ్యి దరిదాపులకు మాత్రం రానిచ్చేది కాదు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పొద్దు వాలి గాలి కాస్త తగ్గాక పొలానికి వెళ్లేవాడు. ముందు ఖాళీ నూనె డబ్బాను కట్టెతో కొట్టుకుంటూ పొలమంతా కలియదిరిగేవాడు. "లేవుండ్రి, నడువుండ్రి, అగ్గి వస్తాంది" అని అరిచేవాడు. ఎవరినో నిద్ర లేపుతున్నట్టు ఉండేది ఆ గొంతు. తర్వాత గట్టు మీద కూర్చుని ఒక బీడీ కాల్చేవాడు. ఆ బీడీ అయిపోయేంతవరకు పొలంలో ఉన్న జీవాలకు గడువు. అప్పుడు లేచి పడమటి గట్టున అంటించి, ఆ తర్వాత అటూ ఇటూ రెండు పక్కలా అంటించేవాడు. నాలుగో వైపు మాత్రం అంటించేవాడు కాదు. దాన్ని ఊళ్లో తొవ్వ ఇడుసుడు అంటారు, అంటే దారి వదలడం. పడమటి గాలికి మంట మెల్లగా తూర్పుకు జరుగుతుంటే, దాని ముందు నుంచి కుందేళ్లు, పూరేడు పిట్టలు, కౌజులు, జెర్రిపోతులు ఆ వదిలిన వైపు నుంచి బయటపడేవి.

మా చిన్నాయిన కౌలుకు చేసే పొలానికి తూర్పున ఒక పెద్ద బీడు ఉండేది. దాని ఆసామి ఎవరో పట్నంలో ఉండేవాడట, మేమెవరం చూడలేదు. ఏడాది పొడుగునా గొర్ల మందలు అందులో మేసేవి. గడ్డి వేలెడు ఎత్తు కూడా మిగిలేది కాదు. అక్కడక్కడ తంగేడు పొదలు, సర్కారు తుమ్మలు, గులకరాళ్లు. మంట పొలం అంచుదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క అక్కడే చచ్చిపోయేది. చిన్నాయిన తంగేడు మండతో నాలుగు దెబ్బలు కొట్టి, "పోయినయా అన్ని?" అని అడిగేవాడు. మేం పిల్లలం పోయాయని అరిచేవాళ్లం.

ఇదంతా చదివి ఆయన్ని పెద్ద జీవకారుణ్యం మనిషి అనుకుంటే పొరపాటు. కుందేలు కూరంటే ప్రాణం పెట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు ఉచ్చులు పెట్టి పట్టినవాడే. నెమళ్లు నారుమడి తొక్కితే వాటి వంశాన్నంతా తిట్టేవాడు. అడవి పందుల గురించి ఆయన అనే మాటలు ఇక్కడ రాయలేను. ఒకసారి నేను, "ఉచ్చుల పడితె తింటవ్, అగ్గిల పడితె ఎందుకు పరేషాన్ అయితవ్ చిన్నాయినా?" అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. "ఉచ్చు పెడితె నా తెలివి, దాని తెలివి. గెలుస్తె అది ఉర్కుతది, లేకుంటె నేను తింట. అగ్గి పెట్టి కాలుస్తె ఏంది గది? దాని ఉసురు తగుల్తది. గసొంటి చెయ్యితోని ఇత్తనం సల్లొద్దు" అన్నాడు. ఆయనకు అది లెక్కలు వేసుకుని చెప్పే మాట కాదు, అన్నం తినే చెయ్యి కడుక్కోవడం లాంటి విషయం.

మా నాయిన బతుకుదెరువుకు అల్వాల్ వచ్చేశాడు కాబట్టి నేను అక్కడే చదువుకున్నాను. జంతుశాస్త్రం చదివి, ఇంట్లో అందరూ తల బాదుకుంటుండగా, పట్టుమని పదిమంది లేని ఒక చిన్న బృందంలో చేరాను. శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల, జింకల పార్కు కంచెకు బయట, పొలాల్లో బీళ్లలో ఏ జంతువులు మిగిలాయో చూడటం మా పని. కంచె లోపలి జింకను చూడటానికి జనం టిక్కెట్టు కొంటారు. దానికి మేత ఉంది, నీళ్లతొట్టి ఉంది, జబ్బు చేస్తే డాక్టరు ఉన్నాడు. కంచె బయట గుంటనక్కను అడిగే నాథుడు లేడు. నాకు మొదటి నుంచీ ఈ నాథుడు లేనివాటి మీదే ప్రేమ. స్కూటర్ మీద మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎండలో తిరిగి తిరిగి నేను కూడా తుమ్మమొద్దులా తయారయ్యానని మా అమ్మ దిగులు.

ఆ పనిలో ఇంకో భాగం రైతులతో కొయ్యకాళ్లు కాల్చొద్దని చెప్పడం. ఊరూరా తిరిగి చెప్పేదాన్ని. మా సొంత చిన్నాయినేమో ఊరందరికీ అగ్గి పెట్టే మనిషి! నా నోట మాట వస్తే చాలు, ఊళ్లో వాళ్లు, "మీ ఇంటికాడ సెప్పి రాపో" అనేవాళ్లు. చెప్పకుండా ఉన్నానా? ప్రతి యాసంగికీ ఒక పోట్లాట.

"నేల సచ్చిపోతది చిన్నాయినా."

"మిషన్ కోసిపోయిన గడ్డిని ఏం జెయ్యాలె? ఎడ్లు లేవాయె, బర్లు లేవాయె. కట్టలు కట్టే మిషన్ గీ సందుల వట్టదాయె. నువ్వు తింటవా?"

"కలియదున్ను."

"ఒక్కపారి దున్నితె గడ్డి మురుగుతదా? వానలు నీకోసం ఆగుతయా?"

ఆయన చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. చిన్నమ్మ మధ్యలో వచ్చి చల్ల గ్లాసు చేతిలో పెట్టేది. అంతటితో ఆ ఏటికి పోట్లాట ముగిసేది.

ఒక చలికాలం చివర, చిన్నాయిన పొలానికీ బీడుకూ మధ్య గట్టులో గుంటనక్కల బొరియ కనిపించింది. కెమెరా కట్టి చూస్తే, నక్క జంట, మూడు పిల్లలు. సాయంత్రం ఎండలో తల్లి చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంటే, పిల్లలు దాని తోక పట్టుకుని లాగుతున్న బొమ్మలు వచ్చాయి. నేను ఆ పనిలో చేరిన కొత్తలో చెరువు నుంచి రహదారి దాకా ఉన్న బీళ్లలో ఇలాంటి బొరియలు ఇంకా చాలా కనిపించేవి. ఒక్కొక్కటిగా వాటి మీద గోదాములు లేచాయి, ప్లాట్లు పడ్డాయి. ఆ ఏడు ఎంత తిరిగినా ఆ వైపు పిల్లలున్న బొరియ మాకు దొరికింది ఇదొక్కటే. వానలు పడేదాకా ఆ పిల్లలు బతికితే చాలు, ఆ తర్వాత వాటి దారి అవి వెతుక్కుంటాయి. ఆ ఏడంతా నేను కోరుకున్నది అదొక్కటే.

అందుకే చిన్నాయిన దగ్గరకు వెళ్లి ఈ ఒక్క ఏడు అగ్గి పెట్టొద్దని బతిమాలాను. ఆయన వెంటనే కాదనలేదు. ట్రాక్టర్‌తో కలియదున్నే రోటవేటర్ వాళ్లను అడిగి చూశాడు. గడ్డి ఎక్కువుంది, బ్లేళ్లకు చుట్టుకుంటుంది, రామని చెప్పారట. చివరికి ఆయన నన్ను పిలిచి, "కాలవెట్టక తప్పదు బిడ్డా. గని నీ నక్కలకు ఏం గాదు. గది నా జిమ్మ. నా శేతిల ఇన్నేండ్ల సంది ఒక్క జీవం కాల్లే" అన్నాడు. ఆయన అలా మాట ఇస్తే ఇక దాని మీద మాట్లాడేది ఉండదు. నాకు ధైర్యం వచ్చింది.

ఇక్కడ బీడు గురించి చెప్పాలి. అంతకు ముందు వానాకాలంలో దాన్ని ఎవరో వెంచర్ వాళ్లు కొన్నారు. రంగు జెండాలు పాతారు, బోర్డు పెట్టారు, రోడ్డు వైపు నేలను తాకే రేకు గేటు పెట్టారు. మూడు వైపులా ప్రీకాస్ట్ గోడ లేపారు. సిమెంటు స్తంభాలు పాతి, వాటి గాడుల్లో పైనుంచి పలకలు దించుకుంటూ పోతే, చూస్తుండగానే మనిషెత్తు గోడ లేస్తుంది. చిన్నాయిన పొలం వైపు మాత్రం స్తంభాలు పాతి వదిలేశారు, పలకలు ఇంకా రాలేదు. దానికి ఎదురుగా, అవతలి గోడ మూలన లారీలు రావడానికి ఒక సందు ఉంచారు. గొర్ల కాపరులను రానివ్వడం మానేశారు.

గోడ చూసి నాకు ఒళ్లు మండింది. కానీ మంద రాకపోయేసరికి ఆ వానకు బీడులో గడ్డి లేచింది. మోకాలు దాటి, నడుముదాకా వచ్చింది. ఎన్నేళ్లుగానో చూడని పిట్టలు అందులో గూళ్లు పెట్టాయి. మా బృందం సంబరపడింది. ఫొటోలు తీసుకున్నాం, ఒకరికొకరం పంపుకున్నాం. కుక్కల బెడద కూడా లేదు కాబట్టి, ఎండలు ముదిరే వేళకు తల్లి నక్క పిల్లల్ని గట్టులోంచి తీసుకెళ్లి బీడు నడుమ ఇంకో బొరియలో పెట్టుకుంది. చిన్నాయినకు చెబితే, "ఇంకేంది మరి, తొవ్వ ఇడిసే దిక్కే పోయినయ్. మస్తు మంచిగాయె" అన్నాడు. ఇద్దరం చాయ్ తాగి నవ్వుకున్నాం.

కోత అయిన వారానికి అగ్గి పెట్టాడు. నేను కూడా ఉన్నాను. డబ్బా కొట్టుకుంటూ పొలమంతా తిరిగాడు. పొలంలో ఉన్నవన్నీ ఎప్పటిలాగే లేచి తూర్పుకు పోయాయి. రెండు కుందేళ్లు స్తంభాల మధ్య నుంచి గడ్డిలోకి దూరడం నా కళ్లతో చూశాను. ఆయన బీడీ కాల్చాడు. పడమట అంటించాడు, రెండు పక్కలా అంటించాడు. మంట ఎప్పటిలాగే నడిచింది. మేం తంగేడు మండలు పట్టుకుని పక్కల కాపలా ఉన్నాం. నాకు ఎక్కడా అనుమానం రాలేదు. మంట తూర్పు గట్టు దగ్గరకు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు.

ఎండిన గడ్డి నడుమెత్తున నిలబడి ఉంది. మంట గట్టు ఎక్కి ఆ గడ్డిని అందుకోగానే, అప్పటిదాకా మెల్లగా నడిచింది కాస్తా పరుగందుకుంది. ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. చిన్నాయిన డబ్బా పారేసి మండతో దాని మీదికి ఉరికాడు. "ఆగు! ఏడికి? ఆగు!" అని మంటను అరుస్తున్నాడు, చేలో పడ్డ గొడ్డును అదిలించినట్టు. ఇద్దరు ముగ్గురు వెళ్లి ఆయన్ని పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు. కనుబొమ్మలు కాలిపోయాయి. పొలం నుంచి పారిపోయినవీ, ముందే బీడులో ఉన్నవీ అన్నీ ఆ గోడ లోపలే ఉన్నాయి. మూలన లారీల సందు ఉంది కదా, అందులోంచి పోతాయి, పోయి ఉంటాయి అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. ఆ గోడకు అవతలి పక్క ఒక కొత్త కాలనీ ఉంది. అందులో ఉండే ఒక కోస్తా ఆవిడ మాకు నేస్తం. బాల్కనీలోంచి నెమళ్ల ఫొటోలు తీసి నాకు పంపేది.

"ఏమ్మా, ఎక్కడున్నావు? మా గోడ అవతల ఏవో అరుస్తున్నాయమ్మా. చంటిపిల్ల ఏడ్చినట్టుంది. గోకుతున్నాయి కూడానూ, నాకు వినబడుతోంది."

"మూలకు సందు ఉంటది ఆంటీ, లారీలు వచ్చే సందు. అటు పోతయి."

"అది మొన్ననే మూసేశారు కదమ్మా! చెత్త లారీలు వస్తున్నాయని పలకలు దించేశారు."

ఆవిడ ఊరికే ఫోన్ పెట్టేసి కూర్చోలేదు. ఆ మాట ఎప్పటికీ చెబుతాను. వాచ్‌మన్‌ని లాక్కొచ్చి, నిచ్చెన వేయించి, పలక ఒక్కటైనా తీయించాలని చూసింది. కానీ కింది పలక రావాలంటే పైవన్నీ ఒక్కొక్కటే స్తంభాల గాడుల్లోంచి పైకి ఎత్తాలి. ఇద్దరు మనుషులకు లేచే బరువు కాదు. పైపలక సగం ఎత్తేసరికి గోడ చేయి పెట్టలేనంత వేడెక్కింది. అప్పటికి అవతలి నుంచి చప్పుడు కూడా ఆగిపోయిందని తర్వాత చెప్పింది. చెబుతూ ఏడ్చింది. చాలా రోజులు నాకు నెమలి ఫొటోలు పంపలేదు.

తెల్లారి బూడిద చల్లారాక చిన్నాయిన, నేను లోపలికి వెళ్లాం. గోడ వెంబడే నడిచాం. అన్నీ గోడ పొడుగునా ఉన్నాయి. కుందేళ్లు, ఒక ముంగిస, ఉడుములు, పాములు. ఒక కౌజు పిట్ట గూడు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, లేవలేదు. కాలనీ వైపు గోడ కింద తల్లి నక్క కనిపించింది. పలక కింద తవ్వింది. మట్టి బాగా లోతుకు తీసింది, నా మోచేయి దిగేంత. అక్కడ స్తంభాల మధ్య పోసిన కాంక్రీటు తగిలింది. దాని ముందరి కాళ్ల గోళ్లు లేవు. రెండు పిల్లలు ఆ గుంతలో, తల్లి పొట్ట కింద ఉన్నాయి. మూడోది దొరకలేదు. తప్పించుకుందని రాయాలని నాకు ఎంత ఆశగా ఉందో! కానీ బీడు నడుమ బొరియ కూలిపోయి ఉంది. అది లోపలే ఉండి ఉంటుంది. తవ్వి చూసే ధైర్యం నాకు లేకపోయింది. మగనక్క మళ్లీ ఎక్కడా కనబడలేదు.

చిన్నాయిన నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే పార తెచ్చి గుంత తీసి, తల్లినీ పిల్లల్నీ ఒకేచోట పూడ్చాడు. తర్వాత నల్లటి నేల మీద అలాగే చతికిలబడ్డాడు. చిన్నమ్మ నీళ్ల బాటిల్‌తో వచ్చి, చుట్టూ చూసి, ఎవరినీ అనకుండా తనలో తాను అనుకున్నట్టు, "మందలు రాకపాయె గదా ఈయేడు" అంది.

అంతే. ఆ ఒక్క ముక్కతో మా ఇద్దరికీ అర్థమైంది. అన్నేళ్లూ మంటను ఆ గట్టు దగ్గర ఆపింది గొర్లు. గడ్డి మొలిచినప్పుడల్లా కొరికేసి, మంటకు ఏమీ మిగలకుండా చేసింది ఆ మందలు. మేం దాన్ని చిన్నాయిన చేతి చలవ అనుకున్నాం. ఆయనా అలాగే అనుకున్నాడు.

"గొర్లు వస్తలేవని నాకెర్క లేదా?" అన్నాడు, నా వైపు చూడకుండా. "దినాం సూస్తున్న. గడ్డి లేసిందని సుత సూస్తున్న. గని గడ్డి లేస్తె అగ్గి గా దిక్కు వోతదన్న సోయి లేకపాయె. మా బాపు ఇడిసిన దిక్కే ఇడిసిన. కండ్లు మూసుకోని ఇడిసిన."

నాకు కోపంగా ఉంది. గోడ కట్టినవాళ్ల మీద, సందు మూసినవాళ్ల మీద, ఆయన మీద, గడ్డిని చూసి ఫొటోలు పంపుకున్న మా బృందం మీద. ఎవరి మీద ఎంత పెట్టాలో తెలియని కోపం. ఇంటికి పోయి ఆ సాయంత్రమంతా మా అమ్మ మీద అరిచాను. ఆవిడ పాపం ఏమీ అడగకుండా అన్నం పెట్టింది.

ఊళ్లో ఎవరూ చిన్నాయినను తప్పు పట్టలేదు. వెంచర్ మనిషి ఒకాయన కారులో వచ్చి, మసిబారిన స్తంభాలను ఫొటోలు తీసుకుని, కేసు పెడతామని నాలుగు మాటలు అని పోయాడు. పలకలు పాడు కాలేదు కాబట్టి మళ్లీ రాలేదు. ఊరివాళ్లేమో, "నక్కలే గదనే, మనిషికేమన్న అయ్యిందా? గింత దానికి గట్ల గూసుంటవా?" అని ఆయన భుజం తట్టారు. మంచికే అన్నారు. తిట్టినా బాగుండేదని చిన్నమ్మతో అన్నాడట. ఆ వానాకాలం ఆయన చేత్తో విత్తనం చల్లలేదు. చిన్నమ్మే నారు పోసింది. ఆయన గట్టు మీద నిలబడి నీళ్లు పెట్టాడు, అంతే.

మళ్లీ యాసంగి వచ్చింది, కోతలు అయ్యాయి. ఎప్పటిలా గడప ముందుకు వచ్చి పిలిచారు. రానన్నాడు. ఒకరిద్దరు చేతులు పట్టుకున్నారు, అయినా రానన్నాడు. అగ్గి పెట్టే మనిషి మానేస్తే అగ్గి మానేస్తారని నాలో ఏ మూలో ఆశ ఉండేదేమో. మానలేదు. ఎవరి పొలం వాళ్లే అంటించుకున్నారు. అయితే చిన్నాయినకు జరిగింది అందరూ చూశారు కదా, మంట గట్టు దాటకూడదన్న భయం పట్టుకుంది. చుట్టూ గోడలు, గోదాములు, ఇళ్లు. దాటితే కొంపలంటుకుంటాయి. అందుకని నలుగురు మనుషులు నాలుగు గట్ల మీద నిలబడి, ఒకేసారి నాలుగు వైపులా అంటించడం మొదలుపెట్టారు. మంట అన్ని వైపుల నుంచీ లోపలికి పోయి, నడుమ కలుసుకుని ఆరిపోతుంది. పక్క పొలానికి భయం లేదు, గోడకు భయం లేదు. జల్దీ అయిపోతుంది. మనుషులకు ఇది నిజంగా మేలైన పద్ధతే. డబ్బా కొట్టడం, ఆగడం, తొవ్వ వదలడం ఇవేమీ అక్కర్లేదు.

చల్లారిన పొలాల్లోకి నేను వెళ్లేదాన్ని, అది నా పని. గోడ వెంబడి వెతకాల్సిన అవసరం ఇక లేదు. అన్నీ పొలం నడుమనే, మంటలు కలుసుకున్న చోట ఉండేవి. కుందేళ్లు ఒకదాని మీద ఒకటి. కొన్ని పొలాల్లో అవి కూడా లేవు, ఉండటానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు గుండ్లపోచంపల్లి వైపు నుంచి వస్తూ, స్కూటర్ ఆపి, రోడ్డు పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. లారీవాళ్లు హారన్ కొట్టుకుంటూ పోయారు. అక్కడి నుంచి నేరుగా చిన్నాయిన ఇంటికి వెళ్లాను.

ఆయన పొలంలోనే ఉన్నాడు. మిషన్ కోసి వెళ్లిన కొయ్యకాళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన పొలం ఒక్కటే ఇంకా అంటించలేదు.

"చిన్నాయినా, నువ్వే పెట్టు" అన్నాను. "నీదొక్కటే గాదు. అందరియి నువ్వే పెట్టు. పిలిస్తె పో. వాండ్లు నాలుగు దిక్కుల పెడుతున్నరు. ఒక్కటి సుత బయటికి వస్తలేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏళ్ల తరబడి పెట్టొద్దని పోట్లాడినదాన్ని, ఇప్పుడు పెట్టమని చేతులు జోడిస్తున్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. నా మొహం చూసి ఏడ్చానని పోల్చుకున్నట్టున్నాడు. తువ్వాలతో నుదురు తుడుచుకుని, దగ్గరికి రమ్మన్నాడు. పొలం నడుమకు తీసుకెళ్లి నిలబెట్టాడు.

పడమట, ఆయన మొదట అంటించే గట్టుకు ఆనుకుని, కొత్త రోడ్డు, దాని పొడుగునా రేకుల షెడ్లు. ఉత్తరాన గోదాము గోడ. దక్షిణాన మూడు వైపులా గోడ లేచిన ఇంకో వెంచర్, పొలం వైపు పోయిన నెలలో పాతిన స్తంభాలు, పలకలు పక్కనే దొంతులు పెట్టి ఉన్నాయి. తూర్పున బీడు. మంద రాని గడ్డి ఈసారి మనిషెత్తు దాటి లేచి, ఎండి, తెల్లగా ఊగుతోంది. చిన్నాయిన పొలం వైపు కూడా పలకలు దించేశారు. వాటి వెనక గడ్డి కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. కొయ్యకాళ్లలో ఎక్కడో కౌజు ఒకటి కూస్తోంది.

"పెడత బిడ్డా" అన్నాడు. "నువ్వు సెప్పినంక పెట్టకుంటనా? గని ఎటు ఇడువాలె? నాకైతె సమజైతలేదు. సదువుకున్నవ్, గీ సుట్టుపక్కల అంత తిరుగుతవ్. నువ్వు సెప్పు. గా దిక్కు ఇడిసి పెడత."

నన్ను దెప్పడానికి అడగలేదు. నిజంగానే అడిగాడు. నేను చెబితే ఆ వైపే వదులుదామని, నా చెయ్యి ఎటు లేస్తుందా అని చూస్తూ నిలబడ్డాడు. నేను ఒకసారి చుట్టూ తిరిగి చూశాను. మళ్లీ ఒకసారి చూశాను. నా చెయ్యి ఎటూ లేవలేదు.